పరదేశంలో తొలి యేడాది

పుట్టి పెరిగిన ఊళ్ళో మనకు ఎన్ని సంగతులు తెలుసునో, ఆ ఊరు విడిచిపెట్టేదాకా మనకే తెలియదు. అర్ధవీడులో ఉన్నవానికి కంభం పోయే బస్సు ఎక్కడ ఆగుతుందో, ఏ అంగడిలో అరువు పుడుతుందో, పొలం కాగితానికి ఎవరిని కలుసుకోవాలో ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. అవన్నీ గాలితోపాటు అబ్బిన విషయాలు. దేశం మారేటప్పుడు బట్టలు, పచ్చళ్ళు మూట కట్టుకొని పోవచ్చును గాని, ఈ ఎరుకను మూట కట్టడానికి వీలులేదు. పరదేశంలో తొలి యేడాది ఎదురయ్యే చికాకులలో పెక్కింటికి మూలం ఇదే.

వలస మన సీమకు కొత్త కాదు. బేస్తవారిపేట దాపుననున్న మోక్షగుండం నుండి పూర్వం మైసూరు సీమకు తరలిపోయిన కుటుంబంలోనే విశ్వేశ్వరయ్యగారు జన్మించారు. విడిచివచ్చిన ఊరిపేరు వారికి ఇంటిపేరై నిలిచింది. ఆనాడు వలసపోయినవాడు ఒకటి రెండు తరాలలో ఆ నేలకు చెందినవాడయ్యేవాడు. ఈనాడు గల్ఫ్ దేశాలకు పోయేవారి స్థితి అది కాదు. అక్కడ ఎన్నేళ్ళున్నా పరదేశియే. ఉండడానికి అనుమతి కొలువుతో ముడిపడి ఉంటుంది. కడప, రాయచోటి, రాజంపేట ప్రాంతాలవారు పెద్దసంఖ్యలో బ్రతుకుతెరువు వెదుక్కొన్న కువైట్ నగరాన్నే ఉదాహరణగా తీసుకొందాము.

మొట్టమొదటి చికాకు అంకెలతో. అరబ్బు లిపిలో అయిదు మన సున్న వలె గుండ్రంగా ఉంటుంది. సున్నను ఒక చుక్కగా వ్రాస్తారు. ఆరు చూడబోతే మనకు అలవాటైన ఏడు వలె కనిపిస్తుంది. ఇక నాణెం సంగతి. మన రూపాయికి నూరు పైసలైతే, అక్కడి దీనారుకు వెయ్యి ఫిల్సులు. ధర చీటీమీద చుక్క తరువాత మూడు అంకెలు ఉంటాయి. పావు దీనారుకు కూడ కాగితపు నోటే. చిరునామా మరొక తికమక. ‘రామాలయం వెనుక సందు’ అంటే అక్కడ చెల్లదు. పేట పేరు, ఖండం సంఖ్య, వీధి సంఖ్య, భవనం సంఖ్య చెప్పాలి. ఇందులో ఒక్కటి తప్పినా మనిషి ఎండలో తిరుగవలసిందే.

ఎండకు మన పశ్చిమ ప్రకాశంవారు వెరవరు. కాని 2016 జూలై 21వ తేదీన కువైట్‌లోని మిత్రిబాలో 53.9 డిగ్రీల వేడి నమోదైనది. ఆ దేశంలో నది అన్నది లేదు. సముద్రపు నీటిలోని ఉప్పును తొలగించి కుళాయిలకు పంపుతారు. వేసవిలో మిద్దెమీది తొట్టి కాగి, కుళాయి త్రిప్పితే మరిగే నీరు వస్తుంది. అనుభవజ్ఞులు ఇందుకొక ఉపాయం కనిపెట్టారు. స్నానాలగదిలోని వేడినీళ్ళ యంత్రానికి కరెంటు ఆపివేసి, నీడపట్టున నిలిచిన ఆ నీటినే చన్నీళ్ళుగా వాడుకొంటారు. ఇటువంటి చిట్కాలు పుస్తకంలో దొరకవు. పొరుగువాని నోట వినాలి.

కాలం కూడ ఎడమే. వారికంటె మన గడియారం రెండున్నర గంటలు ముందు. రాత్రి తొమ్మిదింటికి పని ముగించుకొని ఇంటికి ఫోను చేయబోతే, ఇక్కడ పదకొండున్నర అవుతుంది. పిల్లలు నిద్రపోయి ఉంటారు. పైగా 2007 నుండి వారికి వారాంతం శుక్ర, శనివారాలు. మన పిల్లలకు బడి లేని ఆదివారం వారికి పనిదినం.

వీటన్నిటికంటె బరువైనది కాగితాల బాధ. వైద్యపరీక్ష, వేలిముద్రలు, ‘ఇఖామా’ అనే నివాసానుమతి, ఆపైన పన్నెండు అంకెలుగల సివిల్ ఐడి కార్డు – ఒకటి పూర్తయితేగాని మరొకటి కదలదు. ఒక్క పత్రం తక్కువైతే రెడ్డి వచ్చె మొదలాడమన్నట్లు మళ్ళీ మొదటికి రావాలి. ‘బుక్రా’, అనగా ‘రేపు’, అనే మాట కొత్తవాడు నేర్చుకొనే మొదటి అరబ్బు మాటలలో ఒకటి. ఆ కార్డు చేతికి రానిదే బ్యాంకులో ఖాతా మొదలు ఏ పనీ సాగదు.

ఇక్కడ ఒక భేదాన్ని గుర్తించడం చాల అవసరం. పైన చెప్పిన చికాకులలో అంకెలు, ఎండ, వేళలు వంటివి కాలం గడచినకొద్దీ అలవాటై పోతాయి. కాని మరికొన్ని ఎంతకాలం ఓర్చుకొన్నా తీరవు. ఎందుకంటే అవి కొత్తదనం వల్ల కలిగినవి కావు, అన్యాయం వల్ల కలిగినవి. కొత్తగా వచ్చినవాడు ఈ రెండింటినీ ఒక్క గాటన కట్టి, ‘పరదేశమంటే ఇంతే కాబోలు’ అని సరిపెట్టుకొంటాడు. అపాయమంతా అందులోనే ఉన్నది.

జీతం నెలల తరబడి రాకపోవడం దేశాచారం కాదు. ఇంటి పనివారిని గూర్చి కువైట్ ప్రభుత్వం 2015లో 68వ సంఖ్యగల చట్టం చేసినది. దాని ప్రకారం రోజుకు పన్నెండు గంటలకు మించి పని చేయించరాదు. వారానికొక సెలవు దినం, యేటా జీతంతో కూడిన సెలవు ఇవ్వాలి. పనిమనిషి అంగీకారం లేకుండా పాస్‌పోర్టును యజమాని తన వద్ద ఉంచుకోరాదు. ప్రైవేటు సంస్థల కార్మికులకు 2010 నాటి చట్టం వేరే ఉన్నది. వారి పని దినానికి ఎనిమిది గంటలు. జూన్ నుండి ఆగస్టు ఆఖరు వరకు పగలు పదకొండు మొదలు నాలుగు గంటల దాకా ఎండలో పని చేయించడం నిషిద్ధం. ఇంటిపని వీసాపై వచ్చినవాడు అంగడిలో పనికి కుదిరితే మాత్రం తప్పు అతనిమీదనే పడుతుంది. కనుక ఏ వీసాపై పోతున్నదీ బయలుదేరకముందే తెలుసుకోవాలి.

పదవ తరగతి ఉత్తీర్ణులు కానివారు గల్ఫ్ కొలువుకు పోవాలంటే మన ప్రభుత్వపు వలస అనుమతి పొందాలి. వారికి పది లక్షల రూపాయల ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి. ఈ అనుమతిని తప్పించి, చూచిరావడానికిచ్చే వీసాపై పంపుతామనే దళారి ఆదా చేసేది తన శ్రమను మాత్రమే.

ఇంటివద్ద ఉన్నవారికీ ఒక బాధ్యత కలదు. ఫోనులో ‘అంతా బాగున్నది’ అన్నంతనే తృప్తిపడక నాలుగు ప్రశ్నలు అడగండి: ఇఖామా అయినదా? పాస్‌పోర్టు ఎవరి వద్ద ఉన్నది? జీతం ఏ తేదీన వచ్చినది? వారానికొక రోజు సెలవు దొరుకుతున్నదా? అన్ని పత్రాల నకళ్ళు ఇంట్లో భద్రపరచండి. జవాబులు సరిగా లేకపోతే అక్కడి భారత రాయబార కార్యాలయానికి ఫిర్యాదు చేయవచ్చును. ‘మదద్’ అనే మన ప్రభుత్వ వేదిక ద్వారా ఇంటినుండి కూడ విన్నవించుకోవచ్చును. వేడినీళ్ళకు, తెలియని వీధులకు ఓర్పు చాలును. రాని జీతానికి ఓర్పు మందు కాదు.