తాతగారి తుపాకీ... ధరెంత?

పాత ఇల్లు విప్పుతుంటే అటక మీద గోనెసంచిలో చుట్టిన పొడవాటి ఇనుము. విప్పి చూస్తే తుపాకీ! తుప్పు పట్టింది, కుందాకు చెదలు తగిలింది. అయినా ఇంటిల్లిపాదీ అడిగేది ఒకటే ప్రశ్న... 'ఎంతొస్తుంది?'

కామారెడ్డి జిల్లా పెద్దకొడప్‌గల్ చుట్టుపక్కల ఊళ్లలో ఇలాంటిది బయటపడితే వింతేమీ కాదు. పక్కనే జుక్కల్ మండలంలో కౌలాస్ కోట ఉంది. 1857 తిరుగుబాటు రోజుల్లో బ్రిటిష్ వారికి ఎదురుతిరిగాడని కౌలాస్ రాజా దీప్‌సింగ్‌కు పేరు. ఆ తర్వాతా ఈ ప్రాంతం నిజాం ఏలుబడిలోనే ఉంది. 1948లో సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా పైలట్ కరాచీ నుంచి దొంగచాటుగా నిజాంకు ఆయుధాలు చేరవేశాడు. విమానాలు దిగిన చోట్లలో బీదర్ ఒకటి. ఆ సెప్టెంబరులోనే పోలీసు చర్యతో సంస్థానం కథ ముగిసింది.

ముద్రలే జాతకం

పాత తుపాకీ ఏదో తెలుసుకోవాలంటే ముందు చూడాల్సింది ట్రిగ్గర్‌కు కాస్త పైన, పక్కగా ఉండే ఇనుప రేకుని. అక్కడ కాలు పైకెత్తిన సింహం ఉంటే ఈస్టిండియా కంపెనీది. కిరీటం, 'వి.ఆర్.' అక్షరాలు, 'టవర్' అన్న మాట ఉంటే విక్టోరియా రాణి కాలానిది. గొట్టం మూతి నుంచి మందు కూరే 1853 నమూనా ఎన్‌ఫీల్డ్‌కు గొట్టం పొడవు 39 అంగుళాలు. దాన్ని కుందాకు బిగించే పట్టీలు మూడు. 1857లో సిపాయిల ఆగ్రహానికి కారణమైన కొవ్వు పూసిన తూటాలు ఈ రకానివే. కింద మీట లాగితే వెనక నుంచి తూటా పెట్టే వీలున్న మార్టినీ-హెన్రీ 1871లో వచ్చింది. బోల్టుతో పనిచేసే .303 లీ-ఎన్‌ఫీల్డ్ 1895 నాటిది. బెంగాల్‌లోని ఇషాపూర్ కర్మాగారంలో తయారైన వాటిపై 'జి.ఆర్.ఐ.' కనిపిస్తుంది. జార్జి చక్రవర్తి అని దానర్థం.

బాణం గుర్తు ఉంటే ప్రభుత్వ సొత్తు. రెండు బాణాలు మొనకు మొన ఆనించి ఉంటే, సైన్యం పక్కనపెట్టి అమ్మేసిందని లెక్క.

రాణి పోయాక రాణి ముద్రా?

నకిలీలూ తక్కువేం కాదు. విక్టోరియా 1901 జనవరిలో మరణించారు. తుపాకీ మీద 1908 అని ఉండి, పక్కన 'వి.ఆర్.' ఉందంటే... అది కర్మాగారం గడప తొక్కనిదే! ఇంగ్లిషు అక్షరాలు తిరగబడి ఉన్నా అనుమానించాల్సిందే. వాయవ్య సరిహద్దు కొండల్లో ఇలాంటివి చేతితో చేసేవారు.

తోమితే పోయింది!

పాతదైనంత మాత్రాన అరుదైనది కాదు. 2003లో నేపాల్ పాత ఆయుధాగారం నుంచి అమెరికా వ్యాపారులు వేలకొద్దీ తుపాకులు కొనుక్కెళ్లారు. అందులో మార్టినీ-హెన్రీలే గుట్టలు. విలువ పెంచేవి వేరు. భాగాల మీద నంబర్లన్నీ కలవాలి. కుందా అసలుదై ఉండాలి. ఏ పటాలానిదో చెప్పే గుర్తు చెరగకూడదు. పాత లైసెన్సు, రసీదు, తుపాకీతో తాతగారి ఫొటో ఉంటే మరీ మంచిది. గరుకు కాగితంతో మెరిసేలా రుద్దామా, ముద్రలతోపాటే విలువా రాలిపోతుంది. ఇంకో ప్రమాదం... గొట్టంలో పాత మందు ఉండొచ్చు. పొడిగా ఉంటే నల్ల తుపాకీ మందు వందేళ్లకైనా పేలుతుంది. పిల్లల్ని దగ్గరికి రానివ్వకూడదు, ట్రిగ్గర్ నొక్కి చూడకూడదు.

తుప్పు సాకు చెల్లదు

'పనిచేయని తుపాకీకి లైసెన్సెందుకు?' అన్నది చాలామంది ధీమా. 1959 ఆయుధాల చట్టంలో సెక్షన్ 45 పాత నమూనాలకు, పురాతన ఆయుధాలకు మినహాయింపు ఇచ్చింది. కానీ ఒక మెలిక ఉంది. మరమ్మతు చేసినా పేలే అవకాశం లేనివాటికే అది వర్తిస్తుంది. బాగుచేస్తే పేలేదైతే లైసెన్సు ఉండాల్సిందే. లేకుండా దాచితే, 2019 సవరణ తర్వాత రెండేళ్ల నుంచి ఐదేళ్ల దాకా జైలు. నిషేధిత ఆయుధమైతే శిక్ష ఇంకా ఎక్కువ. వారసత్వంగా వచ్చినవాటితో కలిపి లైసెన్సున్న మనిషికి కూడా రెండు తుపాకులే పరిమితి.

అందుకే తుపాకీ దొరికితే సంచీలో వేసుకుని ఊళ్లు తిరగకూడదు. ఉన్నచోటే ఉంచి పోలీస్‌స్టేషన్‌కు కబురు చేయాలి. అప్పగిస్తే నంబరు, ముద్రల వివరాలతో రసీదు తీసుకోవాలి. లైసెన్సుదారు చనిపోతే వారసులు స్టేషన్‌లో జమ చేసి, తమ పేరున దరఖాస్తు చేసుకోవచ్చు.

మరి ధర? విదేశీ వేలంలో పలికిన డాలర్లను రూపాయల్లోకి మార్చి మురిసిపోతే లాభం లేదు. వందేళ్లు దాటిన పురావస్తువును సొంతంగా దేశం దాటించడాన్ని 1972 చట్టం నిషేధించింది. ఇక్కడ అమ్మాలన్నా చట్టం ఒప్పుకున్నవారికే అమ్మాలి. కొనేవారు తక్కువ కాబట్టి బేరమూ తక్కువే. అదే తుపాకీ ఎవరిది, ఎలా వచ్చిందన్న కథ కాగితాలతో సహా ఉంటే చరిత్రకారులకు విలువైన ఆధారం. ఇనుముగా తూస్తే వచ్చేది నాలుగు కిలోల ధరే. ఆ కథ తెలిసిన పెద్దలు ఇంట్లో ఉంటే, ముందు రాసి పెట్టుకోవాల్సింది వాళ్లు చెప్పే మాటల్ని.