విదేశాల్లో ఇంగ్లీషు టీచరు కావాలంటే ఏముండాలి?

డిగ్రీ పూర్తయిన మన యౌవనస్థుల్లో ఈమధ్య ఒక కొత్త ఆశ కనిపిస్తోంది. థాయ్‌లాండ్‌కో వియత్నాంకో గల్ఫ్‌కో ఇంగ్లీషు టీచరుగా వెళ్లాలని. కొందరికి అది జీవనోపాధి. కొందరికి అది పరిచర్యకు తెరిచిన ద్వారం. రెండూ మంచి ఆశలే. కానీ ఫోన్లో వచ్చే ప్రకటనలు మాత్రం "ఇంగ్లీషు మాట్లాడగలిగితే చాలు, అనుభవం అక్కర్లేదు" అంటున్నాయి. ఆ మాట నమ్మి అమ్మ మెడలో గొలుసు కుదువపెట్టి ఏజెంటుకు డబ్బు కట్టకముందే, ఆయా దేశాలు నిజంగా ఏమడుగుతాయో కుటుంబంలో అందరికీ తెలియాలి. సిఫారసు ఉత్తరం మీద సంతకం పెట్టే కాపరులకు మరీ తెలియాలి.

ముందుగా ఒక చేదు సంగతి. చాలా దేశాలు మన ఇంగ్లీషు కంటే ముందు మన పాస్‌పోర్టు చూస్తాయి. దక్షిణ కొరియాలో ఇంగ్లీషు టీచర్లకిచ్చే ఈ-2 వీసా ప్రధానంగా ఏడు దేశాల పౌరులకు ఉద్దేశించింది: అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఐర్లాండ్, దక్షిణాఫ్రికా. భారతదేశంతో చేసుకున్న ఆర్థిక భాగస్వామ్య ఒప్పందం 2010 జనవరి 1న అమల్లోకి వచ్చాక, డిగ్రీతో పాటు టీచరు అర్హత ఉన్న భారతీయులకు సహాయక టీచర్లుగా ఒక సన్నని దారి ఏర్పడింది. అది ప్రకటనల్లో చూపించినంత వెడల్పు దారి కాదు. చైనా కూడా సాధారణంగా ఇంగ్లీషు మాతృభాషగా ఉన్న దేశాలవారినే కోరుతుంది, దానిమీద డిగ్రీ, రెండేళ్ల అనుభవం అడుగుతుంది. పదేళ్లుగా వ్యాకరణం చెబుతున్న మన గుంటూరు టీచరమ్మ కంటే, నిన్న కాలేజీ నుంచి బయటికొచ్చిన ఇంగ్లండు కుర్రవాడు ఎక్కువ అర్హుడెలా అయ్యాడని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. వీసా కౌంటరు దగ్గర మాత్రం దానికి జవాబు దొరకదు.

మనకు నిజంగా తెరిచి ఉన్న తలుపులు వేరే ఉన్నాయి. గల్ఫ్ దేశాల్లో సీబీఎస్ఈ సిలబస్ చెప్పే ఇండియన్ స్కూళ్లు, మాల్దీవులు, థాయ్‌లాండ్, వియత్నాం. వీటిలో ఏ తలుపు తట్టినా మొదట అడిగేది డిగ్రీ. గల్ఫ్ స్కూళ్లు ఇంగ్లీషు ముఖ్య సబ్జెక్టుగా డిగ్రీ గానీ ఎం.ఏ. గానీ, దానితో పాటు బి.ఇడి. అడుగుతాయి. థాయ్ పాఠశాలలో చెప్పాలంటే డిగ్రీ ఉండాలి, అక్కడి ఉపాధ్యాయ మండలి నుంచి లైసెన్సు గానీ తాత్కాలిక అనుమతి గానీ రావాలి. వియత్నాం భాషా కేంద్రాలకు కాలేజీ పట్టాతో పాటు బోధనలో సర్టిఫికెట్టు కావాలి.

ఇక్కడ మన సంఘాలకు ప్రత్యేకంగా వర్తించే విషయం ఒకటుంది. ఇంటర్ అయ్యాక నేరుగా బైబిలు కాలేజీలో చేరి బి.టి.హెచ్. పట్టా తీసుకున్నవారు మనలో చాలామంది. విశ్వవిద్యాలయ గుర్తింపు లేని సంస్థ ఇచ్చిన ఆ పట్టాను వీసా కార్యాలయం డిగ్రీగా లెక్కపెట్టదు. శ్రీరామపూర్ కాలేజీ సెనేట్ సంగతి వేరు, దానికి 1918 నాటి చట్టం ఆధారం ఉంది. అయినా ఒక విదేశీ విద్యాశాఖ బి.డి.ని బి.ఏ.తో సమానంగా చూస్తుందని ముందే అనుకోవద్దు. అడిగి, రాతపూర్వకంగా జవాబు తెచ్చుకోండి. పరిచర్య చేస్తూనే దూరవిద్యలో బి.ఏ. చదువుదామనుకునేవారు కూడా తాము వెళ్లాలనుకునే దేశం దూరవిద్య పట్టాను ఒప్పుకుంటుందో లేదో చేరకముందే కనుక్కోవాలి.

ఇక సర్టిఫికెట్ల మాట. డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే. టెఫెల్, టీసాల్ అనే పేర్లు ఏ ఒక్క సంస్థ సొత్తూ కాదు. "ఇంగ్లీషు మాతృభాష కానివారికి ఇంగ్లీషు నేర్పడం" అనే విద్యకు అవి పొట్టి పేర్లు, అంతే. ఆ పేరుతో ఎవరైనా కోర్సు పెట్టవచ్చు, ఎవరైనా బంగారు అంచు కాగితం ఇవ్వవచ్చు. "ప్రపంచవ్యాప్త గుర్తింపు" అని రాసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. వారాంతంలో ముగిసే కోర్సులు అందుకే పుట్టగొడుగుల్లా ఉన్నాయి. చాలా స్కూళ్లు కనీసం 120 గంటల కోర్సు అడుగుతాయి. వాటిలో బరువున్నవి రెండు: కేంబ్రిడ్జి వారి సెల్టా, లండన్ ట్రినిటీ కాలేజీ వారి సర్ట్ టీసాల్. ఈ రెండింటి ప్రత్యేకత పేరులో కాదు, పద్ధతిలో ఉంది. నిజమైన విద్యార్థుల ముందు ఆరు గంటలు పాఠం చెప్పాలి. వెనుక కూర్చున్న శిక్షకుడు ప్రతి పాఠం తర్వాత ఏది బాగుందో ఏది తప్పిందో మొహమాటం లేకుండా చెబుతాడు. సెల్టాలో చేరడానికి డిగ్రీ తప్పనిసరి కాదు గాని, ఇంటర్వ్యూలో నెగ్గేంత గట్టి ఇంగ్లీషు కావాలి. ఖర్చు లక్ష పైమాటే. కాబట్టి డిగ్రీ లేకుండా ముందు సెల్టా చేయడం, పునాది వేయకుండా పైకప్పుకు రేకులు కొన్నట్టవుతుంది. గల్ఫ్‌లోని ఇండియన్ స్కూలే మీ గురి అయితే ఆ డబ్బు బి.ఇడి.కి పెట్టడమే తెలివి.

మన ఇంగ్లీషు స్థాయికి రుజువు కూడా అడుగుతారు. ఐఈఎల్‌టీఎస్‌లో 7 దాటితే ఐరోపా కొలమానంలో సి1 స్థాయి కింద లెక్క. టీచరు కాదలచినవారు దానికి తక్కువ గురి పెట్టుకోకూడదని నా అభిప్రాయం. థాయ్‌లాండ్‌లో టోయిక్ పరీక్షలో 990కి 600 అడగడం మామూలు. ఐఈఎల్‌టీఎస్ ఫలితం రెండేళ్లే చెల్లుతుంది, అందుకే మిగతా కాగితాలన్నీ సిద్ధమయ్యాకే ఆ పరీక్ష రాయండి.

అనుభవం లేని కొత్తవారు ఏం చేయాలి? మీ ఊళ్లోని ఇంగ్లీషు మీడియం స్కూల్లో రెండేళ్లు చెప్పండి. జీతం తక్కువే. కానీ చేరిన రోజే నియామక పత్రం అడగండి, జీతం చేతికి కాకుండా బ్యాంకులో వేయమనండి. చిన్న స్కూళ్లు ఈ రెండూ ఇవ్వడానికి ఇష్టపడవు. తర్వాత అనుభవ పత్రం ఇచ్చినా, దాన్ని బలపరిచే కాగితం లేకపోతే విదేశీ యాజమాన్యం అనుమానిస్తుంది. సండే స్కూలు, వీబీఎస్ అనుభవం వీసా దరఖాస్తులో పనికిరాదు. తరగతి గదిలో మాత్రం బాగా పనికొస్తుంది. వేసవి ఎండలో అరవైమంది పిల్లలను పాటతో, బొమ్మలతో మూడు గంటలు కూర్చోబెట్టగలిగినవారికి థాయ్ పిల్లల ముందు భయం ఉండదు.

కాగితాల్లో మనవాళ్లకు ఎదురయ్యే చిక్కు పేరు. పదో తరగతి సర్టిఫికెట్టులో ఒక పేరు, బాప్తిస్మం తర్వాత సంఘంలో మరో పేరు, పాస్‌పోర్టులో రెండూ కలిపి ఇంకో పేరు. పదో తరగతి, డిగ్రీ, పాస్‌పోర్టు మూడింటిలో అక్షరం పొల్లుపోకుండా ఒకే పేరు ఉండాలి. లేకపోతే ధ్రువీకరణ దగ్గరే పని ఆగిపోతుంది. డిగ్రీని ముందు రాష్ట్ర ప్రభుత్వం, తర్వాత కేంద్ర విదేశాంగ శాఖ ధ్రువీకరిస్తాయి. ఆ శాఖ వేసే ముద్రను అపోస్టిల్ అంటారు. భారతదేశం ఆ అంతర్జాతీయ ఒప్పందంలో 2005లో చేరింది. అందులో లేని దేశాలకైతే ఆ దేశపు రాయబార కార్యాలయం ముద్ర కూడా కావాలి. పాస్‌పోర్టు కార్యాలయం ఇచ్చే పోలీసు క్లియరెన్సు, వైద్య పరీక్ష దాదాపు అన్నిచోట్లా అడుగుతారు. వీటన్నిటికీ నెలలు పడుతుంది. "పది రోజుల్లో ఫ్లైటు" అన్న ఏజెంటు దగ్గర అనుమానం మొదలవ్వాలి.

"ముందు టూరిస్టుగా వెళ్లండి, పనిలో చేరాక మార్పిస్తాం" అనే మాట ఇంకా ప్రమాదం. పని అనుమతి చేతికి రాకముందు తరగతిలో అడుగుపెడితే చట్టం దృష్టిలో తప్పు మీదే. జీతం ఎగ్గొట్టినా ఫిర్యాదు చేయడానికి మీకు మొహం ఉండదు. 2024లో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టిన కంబోడియా వ్యవహారం గుర్తుంది కదా. డేటా ఎంట్రీ ఉద్యోగమని తీసుకెళ్లి, మన పిల్లలను సైబర్ మోసాల పనిలో బంధించారు. టీచరు ఉద్యోగం అన్న పేరుకు ఆ ముఠాలు దూరంగా ఉంటాయని అనుకోవడానికి కారణం లేదు.

1983 వలస చట్టం ప్రకారం కేంద్రం వద్ద నమోదు కాని వ్యక్తి విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపకూడదు. నమోదైన ఏజెంట్ల జాబితా ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో ఉంటుంది. వారు తీసుకోదగిన సేవా రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. మూడు లక్షలు అడిగినవాడు విశ్వాసి అయినా, ఉపవాస ప్రార్థనల్లో సాక్ష్యం చెప్పినవాడైనా, ఆ జాబితాలో పేరు చూడకుండా రూపాయి ఇవ్వవద్దు. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్ అనే ప్రభుత్వ సంస్థలు కూడా ఉన్నాయి. వాటి దగ్గర ముందు విచారించండి.

పరిచర్య కోసం వెళ్లాలనుకునేవారికి వేరుగా ఒక మాట. పౌలు కొరింథులో అకుల, ప్రిస్కిల్లలతో కలిసి డేరాలు కుట్టాడు. అవి నిజమైన డేరాలే, ముసుగు కాదు. ఇంగ్లీషు టీచరు వీసా మీద వెళ్లినవారు మొదట మంచి ఇంగ్లీషు టీచరుగా ఉండాలి. పాఠానికి సిద్ధపడకుండా తరగతికి వెళ్లి, మనసంతా వేరే పనిమీద పెట్టుకుంటే ఫీజు కట్టిన తల్లిదండ్రులను మోసగించినట్టే. మాల్దీవుల్లో ఇస్లాం తప్ప మరో మతాన్ని బహిరంగంగా ఆచరించడానికి గానీ ప్రచారం చేయడానికి గానీ చట్టం ఒప్పుకోదు. అక్కడ ఆదివారం ఆరాధనకు గుడి ఉండదు. అది తెలిసి, ఆ ఒంటరితనానికి సిద్ధపడి వెళ్లడం వేరు, దిగాక తెలుసుకోవడం వేరు. మన ప్రాంతానికి వచ్చిన రాబర్ట్ నోబుల్ 1843లో మచిలీపట్నంలో బడి పెట్టాడు. తర్వాత అదే నోబుల్ కాలేజీ అయింది. క్రీస్తును నమ్మని ఇళ్ల పిల్లలు కూడా అక్కడికి వచ్చింది చదువు బాగుంటుందని.

చివరిగా కాపరుల సంతకం గురించి. విదేశీ స్కూళ్లు ప్రవర్తన గురించి ఒక ఉత్తరం అడగడం సహజం. ఆ వ్యక్తి ఎన్నేళ్లుగా తెలుసో, సంఘంలో ఏ బాధ్యత చూశారో, పిల్లలతో ఎలా మెలిగారో రాయండి. చర్చి నడిపే స్కూల్లో రెండేళ్లు పనిచేశారని, పనిచేయనివారికి రాసివ్వమని ఎవరైనా ప్రాధేయపడితే ఒప్పుకోకండి. పట్టుబడినప్పుడు వీసా రద్దయ్యేది ఆ అబ్బాయిదే, వచ్చే ఏడాది అదే లెటర్‌హెడ్ మీద నిజం రాసినా నమ్మకం కోల్పోయేది అతని వెనుక దరఖాస్తు పెట్టిన అమ్మాయి.