ట్రాన్స్‌ఫార్మర్ ట్రాక్టరులో ఉండగానే ఒకసారి చుట్టూ తిరిగి చూడండి



బెంగళూరులో అవుటర్ రింగ్ రోడ్డు పక్కన బెళ్ళందూరు వైపు పోయినవాళ్లు చూసే ఉంటారు. మన పిల్లలు కూడా చాలామంది ఆ వైపే ఉద్యోగాలు చేస్తున్నారు. అక్కడ పెద్ద అపార్ట్‌మెంట్లకు గేటు లోపల కంచె వేసి సొంత ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. అలాంటిది లారీలో వచ్చినప్పుడు ఎలక్ట్రికల్ ఇంజినీరు దగ్గరుండి, దింపకముందే చుట్టూ తిరిగి, ఫోటోలు తీసి, దెబ్బ కనిపిస్తే రసీదు మీద రాసి, ఆ తర్వాతే సంతకం పెట్టాలి. పద్ధతి అది. మరి మన ఊళ్లలో? కాలిపోయినదాన్ని దించి, రిపేరైనదాన్ని ట్రాక్టరులో వేసుకొని, గుంతల దారిలో తెచ్చి, చీకటి పడేలోగా చార్జ్ చేయమని లైన్‌మన్ వెంట పడతాం.

ఆ తొందర ఎందుకో మీకు చెప్పక్కర్లేదు. నాలుగో జ్వరం లేచిన పురుగు ఆకు కోసం ఎదురుచూస్తుంటుంది. పంట మొత్తం మీద తినే ఆకులో 80 శాతానికి పైగా ఐదో దశలోనే తింటుంది. షెడ్డులో 24, 25 డిగ్రీలు ఉండాల్సిన రోజులవి. బోరు ఆగితే తోట వాడుతుంది, ఫాగర్లు ఆగితే షెడ్డు కాగుతుంది. కానీ దెబ్బతిన్న ట్రాన్స్‌ఫార్మర్‌కు కరెంటు ఇస్తే అదీ పోతుంది, మూడోదాని కోసం మళ్లీ మొదటినుంచి తిరగాలి. ఈలోగా పురుగు చంద్రికలకు ఎక్కే సమయం వచ్చేస్తుంది. ఒక అరగంట ఆగి చూడటం పంటకే మేలు.

ముందే ఒక హద్దు. ఇక్కడ చెప్పేదంతా ట్రాన్స్‌ఫార్మర్ ఇంకా బండిలోనో, నేల మీదో ఉన్నప్పుడు, ఏ వైరూ తగిలించకముందు, కంటితో చూసేది మాత్రమే. మూత విప్పడం, ఆయిల్ తీయడం, దిమ్మె ఎక్కడం మన పని కాదు. దింపేటప్పుడు కింద ఎవరూ నిలబడొద్దు, పిల్లల్ని అసలు రానివ్వొద్దు. తాడు గానీ గొలుసు గానీ ట్యాంకుకు వెల్డింగ్ చేసిన కొక్కేలకే వేయాలి. పింగాణీకి చుట్టి లాగారంటే అక్కడే సగం పాడైనట్టు.

ఎక్కువ దెబ్బ తగిలేది ఆ పింగాణీ బుషింగులకే. మన బోర్లకు ఇచ్చే 25 కేవీఏ త్రీఫేజ్ ట్రాన్స్‌ఫార్మర్‌కు 11,000 వోల్టుల వైపు పెద్దవి మూడు, 433 వోల్టుల వైపు చిన్నవి నాలుగు ఉంటాయి. ఒక్కొక్కదాన్ని గుడ్డతో తుడిచి పగటి వెలుతురులో చూడండి. అంచు పెచ్చు ఊడినా, వెంట్రుకంత చీలిక ఉన్నా వదలొద్దు. ఆ చీలికలో తేమ చేరితే వానాకాలంలో అక్కడినుంచే కరెంటు ట్యాంకుకు దూకుతుంది. బుషింగు మొదట్లో ఆయిల్ చెమర్చి దుమ్ము అంటుకొని ఉంటే, లోపలి గ్యాస్కెట్ కదిలిందని అనుమానించాలి.

తర్వాత ఆయిల్. లెవెల్ గేజ్ ఉంటే గుర్తు దాకా ఉందో లేదో చూడండి. ట్రాక్టరు ట్రాలీ అడుగున తడి ఉందేమో చూడండి, అసలు సంగతి చాలాసార్లు అక్కడే బయటపడుతుంది. రెక్కలు నొక్కుకుపోయాయా, వెల్డింగ్ అతుకుల దగ్గర మరక ఉందా, మూత బోల్టులు అన్నీ ఉన్నాయా. సిలికా జెల్ సీసా ఉన్న రకమైతే ఆ గాజు పగలకుండా ఉండాలి. నీలం గింజలు గులాబీ రంగుకు మారితే తేమ పట్టిందని అర్థం. దారిలో ఒరిగిందా, పడుకోబెట్టి తెచ్చారా అని డ్రైవరును మెల్లగా అడగండి. కోపం చేస్తే నిజం చెప్పడు. పడుకోబెట్టి తెచ్చినదైతే ఆ మాట ఏఈకి చెప్పాలి. లోపల కాయిల్ జరిగినా బయటికి తెలియదు, ఆయిల్‌లో గాలి బుడగలు చేరి ఉంటాయి, నిలబెట్టి కొంతసేపు ఆగాలి.

ఆయిల్ సంగతి చిన్నది కాదు. 2022 మార్చిలో బెంగళూరు జ్ఞానభారతి ప్రాంతంలో రోడ్డు పక్క ట్రాన్స్‌ఫార్మర్ పేలి, మరిగే ఆయిల్ మీద పడి, బండి మీద పోతున్న తండ్రీకూతుళ్లు ప్రాణాలు కోల్పోయారు. అది రవాణా దెబ్బ వల్ల అని కాదు. లోపల ఉన్నది ఎంత ప్రమాదమో తెలియాలని చెబుతున్నా.

కంటికి కనిపించని దెబ్బకు మెగ్గర్ ఉంది. చార్జ్ చేసే ముందు మెగ్గర్ వేయమని లైన్‌మన్ అన్నను, ఏఈ గారిని అడగండి. అడగడం తప్పేం కాదు. పెద్ద వైపుకీ చిన్న వైపుకీ మధ్య, ఒక్కో వైపునుంచి ట్యాంకుకీ మధ్య కరెంటు లీకవుతుందా లేదా అన్నది అందులో తేలుతుంది. ట్యాంకుకు రెండు చోట్ల ఎర్త్ బిగించారో లేదో కూడా చూసుకోండి.

జనరేటర్ ఉన్నవాళ్లు ఈ మాట రెండుసార్లు చదవండి. చేంజోవర్ స్విచ్ లేకుండా జనరేటర్ కలిపితే మీ 415 వోల్టులు వెనక్కి పోతాయి. అదే ట్రాన్స్‌ఫార్మర్ వాటిని 11,000 వోల్టులుగా పెంచి లైనులోకి పంపుతుంది. పైన పని చేస్తున్న మనిషికి లైన్ క్లియర్ ఉన్నా ప్రాణం దక్కదు. పని మొదలయ్యే ముందే జనరేటర్ ఉందని చెప్పి, దాన్ని ఆపి, కేబుల్ విప్పేయండి.

దెబ్బ కనిపిస్తే ఫోన్‌తో నాలుగు వైపులా ఫోటోలు, నేమ్‌ప్లేట్ ఫోటో ఒకటి తీయండి. అందులో సీరియల్ నంబరు, కేవీఏ, ఆయిల్ లీటర్లు స్పష్టంగా పడాలి. అందినట్టు సంతకం అడిగితే, "ఫలానా బుషింగు పగిలి ఉంది" అని పక్కన రాసి తేదీ వేసి పెట్టండి. నోటిమాటగా చెప్పింది రేపు ఎవరికీ గుర్తుండదు. పలకకపోతే 1912కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు రాసుకోండి.

ఇంకొకటి, ఇది మన వృత్తికి సంబంధించింది. ట్రాన్స్‌ఫార్మర్ తెచ్చిన ట్రాలీలోనే మరుసటి పొద్దున మల్బరీ ఆకు వేసుకొస్తారు కొందరు. ఆయిల్ కారి ఉంటే సబ్బు నీళ్లతో బాగా కడిగి, ఆరాకే ఆకు వేయండి. దిమ్మె కింద ఆయిల్ చిందిన చెట్ల ఆకు పురుగుకు పెట్టొద్దు. ఆ చేతులతో, ఆ బట్టలతో షెడ్డులోకి పోవద్దు.

చార్జ్ చేసేటప్పుడు అందరూ మోటార్లు ఆపి ఉంచండి. ముందు ఖాళీగా కొంతసేపు నడవనిచ్చి, సమంగా మూలుగుతోందా, టపటపమంటోందా దూరం నుంచి వినండి. లైన్‌మన్ మూడు ఫేజులకూ వోల్టేజీ చూసి సరే అన్నాక, ఒక్కో మోటారూ వేసుకోండి.