లంబసింగి తుహినం

ఏటా డిసెంబరు రాగానే విజయవాడ, గుడివాడ, మచిలీపట్నం నుంచి ఎందరో లంబసింగి బయలుదేరుతారు. ఎందుకని అడిగితే "అక్కడ మంచు కురుస్తుంది" అంటారు. చిక్కంతా ఆ మాటలోనే ఉంది. తెలుగులో పొగమంచూ మంచే, ఆకుమీది నీటిబొట్టూ మంచే, హిమాలయాల్లో కురిసేదీ మంచే. లంబసింగిలో ఆకాశం నుంచి ఏదీ రాలదు. తెల్లవారుజామున గడ్డిమీద ఉప్పు చల్లినట్లు కనిపించేది తుహినం. అది నేలమీదనే పుడుతుంది.

పగలు వేడెక్కిన నేల రాత్రి ఆ వేడిని వికిరణ రూపంలో వదిలేస్తుంది. మబ్బులుంటే అవి కొంత వేడిని నేలకు తిరిగి పంపుతాయి. గాలి వీస్తే పైనున్న వెచ్చని గాలి కిందికి కలుస్తుంది. ఈ రెండూ లేని రాత్రి గడ్డిపరకలు తమ చుట్టూ ఉన్న గాలికన్నా చల్లబడతాయి. పరక ఉష్ణోగ్రత 0 డిగ్రీల సెల్సియస్ కన్నా దిగితే, దాన్ని తాకిన నీటి ఆవిరి ద్రవంగా మారకుండానే స్ఫటికాలుగా పేరుకుంటుంది.

వాతావరణ కేంద్రంలో ఉష్ణమాపకాన్ని నేలకు సుమారు 1.25 మీటర్ల ఎత్తున, చెక్కపెట్టెలో ఉంచుతారు. కాబట్టి పత్రికలో "2 డిగ్రీలు" అని వచ్చిన రోజున కూడా గడ్డిమీద తుహినం ఉండవచ్చు. సున్నాకు దిగలేదు కనుక అబద్ధమని కొట్టిపారేయకండి.

ఈ సూత్రాన్ని మనవాళ్ళు ఏనాడో వాడుకున్నారు. అలహాబాదులో లోతులేని మట్టి మూకుళ్ళలో నీరు పోసి, గుంటల్లో పరచిన ఎండు చెరకు దంట్లమీద రాత్రంతా ఉంచేవారు. దంట్లు నేలవేడిని అడ్డుకునేవి. సూర్యోదయానికి ముందే మంచుగడ్డను ఏరుకునేవారు. రాబర్ట్ బార్కర్ ఈ పద్ధతిని 1775లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో వర్ణించాడు.

లంబసింగి సముద్రమట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉంది. ఎత్తు కారణంగానే మన డెల్టాకన్నా ఆరేడు డిగ్రీలు చల్లన. పైగా కొండవాలుల మీది బరువైన చల్లగాలి రాత్రి పల్లానికి జారి నిలిచిపోతుంది. స్థానికులు ఈ ఊరిని "కొర్రబయలు" అనీ అంటారు. బయట పడుకున్నవాడు కొర్రలా, అంటే కర్రలా బిగుసుకుపోతాడని దానికి చెప్పే అర్థం.

తుహినం ఎండ తగలగానే కరుగుతుంది. అది చూడాలనే ఆత్రంతో చీకట్లో, పొగమంచులో నర్సీపట్నం వైపు నుంచి ఘాట్ రోడ్డుమీద బైకులు తోలడం ప్రమాదం. ముందురోజే చేరుకుని, తెల్లవారాక గడ్డిలో నడవండి. పొలాల్లోకి మాత్రం వద్దు. అవి ఎవరివో పంటలు.

వెళ్ళలేనివారు ఇంటివద్దనే ఒక పరిశీలన చేయవచ్చు. మబ్బులేని సంక్రాంతి రాత్రి ఒక ఉష్ణమాపకాన్ని ఆరుబయట గడ్డిమీద, మరొకదాన్ని అక్కడే ఛాతీ ఎత్తున వేలాడదీయండి. తెల్లవారుజామున రెండింటినీ చూసి తేడా రాసుకోండి. మబ్బుపట్టిన రాత్రి మళ్ళీ చేసి పోల్చండి.