కాడి కట్టి కెస్లాపూర్‌కు...

పుష్య మాసం నెలవంక కనిపించిందంటే మెస్రం వంశీయుల వాకిళ్లలో బండ్లకు పని పడుతుంది. ఇరుసుకు కందెన రాస్తారు. వదులైన చక్రాలు బిగిస్తారు. ఇంద్రవెల్లి మండలం కెస్లాపూర్‌లో కొలువైన నాగోబా ఈ గోండు వంశం వారి కులదైవం. పుష్య అమావాస్య నాటి రాత్రి మహాపూజ.

అంతకు ముందే పెద్దలు ఛకడా బండి కట్టుకొని ఊరూరా తిరుగుతారు. జాతర కబురు చెప్పడం ఆ బండి పని. ఏ ఊరి వారు ఇంటికి పిలిస్తే ఆ రాత్రి అక్కడే బస. పర్యటన ముగించుకొని కెస్లాపూర్‌లో కూడినప్పుడు గోదావరి జలానికి ఏ దారిన పోవాలో నిర్ణయించుకుంటారు.

జలం తేవలసింది జన్నారం మండలం కలమడుగు వద్ద ఉన్న హస్తినమడుగు నుంచి. గోదావరికి ఆవలి ఒడ్డు పాత కరీంనగర్ జిల్లా. రానూపోనూ నూరు కిలోమీటర్లకు పైనే. ఇంత దూరం తెల్లని ధోవతులు, తలపాగాలతో, కాళ్లకు చెప్పులు లేకుండా నడిచే పోతారు. బండి ఎక్కరాదు. దారిలో ఊరూరా మజిలీలు. నడుమ కవ్వాల్ అడవి ఉంది. 1965లో అభయారణ్యమై, 2012లో పులుల రక్షిత ప్రాంతమైన అడవి ఇదే.

తిరుగు దారిలో ఇంద్రవెల్లి ఇంద్రాదేవికి పూజ చేసి, కెస్లాపూర్ మర్రిచెట్ల కింద దిగుతారు. అసలు విడిది ఇక్కడే. ఊళ్ల నుంచి ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు బండ్లపై వచ్చి కలుస్తారు. మహారాష్ట్ర నుంచీ వస్తారు. బండిలో జొన్నలు, పప్పు, వంటపాత్రలు, దుప్పట్లు, ఎడ్లకు చొప్ప. కాడి దించి ఎడ్లను కట్టేస్తే బండే ఇల్లు. పగలు దాని నీడ, రాత్రి దాని కింద పడక. మాఘం ముందరి చలి ఏజెన్సీలో ఎట్లా ఉంటుందో చెప్పనక్కరలేదు. నెగడు చుట్టూ తెల్లవార్లూ మాటలే. ఆ ఏడు చనిపోయిన వారి పేరిట తూం పూజలు జరిగేదీ ఈ మర్రి కిందనే.

గుడి వద్ద వంటకు పొయ్యిలు 22. ఎంతమంది వచ్చినా వాటి మీదనే వంతులవారీగా వండుకోవాలి. పూజకు కావలసిన కుండలు సిరికొండ కుమ్మరులు చేసిస్తారు. ఆడపడుచులు కోనేటి నీళ్లు తెస్తే, అల్లుళ్లు మట్టి తడిపి పుట్టలు కడతారు. కొత్త కోడళ్లకు భేటింగ్ అయితేగానీ నాగోబా దర్శనం లేదు. తెల్లచీర ముసుగుతో పెద్దల వెంట వచ్చి దేవుడికి పరిచయమైన తర్వాతే ఆమె వంశంలోని మనిషి. 2022 డిసెంబరులో ప్రారంభమైన రాతి గుడిని కూడా వంశంలోని వారు చందాలు వేసుకొనే కట్టుకున్నారు.

నిజాం పాలనలో దౌరా వచ్చిన అధికారుల గుడారాలు, సామాను మోయడానికి రైతులు బండ్లు వెట్టికి తోలవలసి వచ్చేది. దొర క్యాంపు అంటేనే ఊరికి దడ. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం నేలకొరిగిన తర్వాత ఈ ప్రాంతానికి వచ్చిన ఆస్ట్రియా దేశస్థుడు హైమెన్‌డార్ఫ్ మాత్రం వేరే రకం. భార్య బెట్టీతో మార్లవాయిలో కాపురముండి గోండుల మధ్య బతికాడు. జాతరకు బండ్లు కట్టుకొని అందరూ చేరేచోటే వారి గోడు వినాలని తోచి, ఆ 1940లలోనే ఇక్కడ ప్రజాదర్బారు పెట్టించాడు. భూమి పట్టాల నుంచి దారి, నీళ్ల దాకా అధికారుల ముందు పెట్టడానికి నేటికీ ఆ దర్బారే చోటు. బెట్టీ 1987లో, ఆయన 1995లో చనిపోయారు. వారి సమాధులు మార్లవాయిలోనే ఉన్నాయి.

విదేశాల్లో ఎడారులు, అడవులు చూడబోయేవారు మంచం, పొయ్యి అమర్చిన మోటారు బండ్లు లక్షలు పోసి కొంటారు. మన గోండు రైతుకు అదంతా ఎడ్లబండిలోనే ఉంది. కానీ ఇప్పుడు మర్రి కింద బండ్ల సరసన ఆటోలు, జీపులు, ట్రాక్టర్లు ఆగుతున్నాయి. దుక్కి ట్రాక్టరు దున్నుతుంటే జాతర కోసమే ఎడ్లను ఏడాదంతా మేపడం ఎవరికైనా భారమే. నౌకరి చేసే కొడుక్కి అన్ని రోజుల సెలవు దొరకదు. ఆటోలో వచ్చినవాడు పూజ చూసి తెల్లారి వెళ్లవచ్చు. బండిలో వచ్చినవాడికి ఆ వీలు లేదు, ఎడ్లు సేదతీరాలి కదా! ఆ ఆగిన రోజుల్లోనే తాత నోట వంశం కథ మనుమడి చెవిన పడుతుంది, పిల్లకు సంబంధం కుదురుతుంది, అన్నదమ్ముల తగువు పెద్దల ముందు తేలుతుంది. గుడి రాతితో కట్టుకున్నారు. మర్రి కింది విడిది నిలవాలంటే మాత్రం ఇంటికొక జత ఎడ్లు కావాలి.

కెస్లాపూర్ తర్వాత ఉట్నూరు మండలం శ్యాంపూర్‌లో బుడుందేవ్ జాతర. అదీ ముగిశాకే బండ్లు ఊళ్ల దారి పడతాయి. అప్పటికి చేలల్లో పని ఎదురుచూస్తుంటుంది.