ఉంగరం వెతికే పెట్టె ముందు మూగపోయింది!

ఉంగరం పోయింది. మా అత్తయ్యది. పావు తులం ఉంటుందేమో, అంతే. కానీ ముప్ఫై ఏళ్లకు పైగా ఆవిడ వేలు దాటి ఎరగదు. ఒక రాత్రి అన్నానికి కూర్చుంటూ చెయ్యి చూసుకుని "అయ్యో!" అన్నారు.

మంచాల కింద వెతికాం. బియ్యం డబ్బా ఒంపి చూశాం. సింకు కింద గొట్టం కూడా ఊడదీయించాం. లేదు. మర్నాడు పక్కింటావిడ వచ్చి, ఎవరూ అనకూడదనుకున్న మాట కాస్తా అనేసింది. "పనావిడని అడిగారా?" నిజానికి మేం అడగలేదు. అయితే నోటితో అడగకపోయినా, గిన్నెలు తోముతున్న మనిషి వెనక నిలబడి చూసే చూపు మారిపోతుంది కదండీ. ఆమెకు అర్థమైంది. ఆ మర్నాటి నుంచి పనిలోకి రాలేదు. "చూశారా, అందుకే రాలేదు" అన్నారు నలుగురూ. అవమానం జరిగిన మనిషి కూడా రాదని ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు.

పాలిటెక్నిక్ రెండో ఏడు చదువుతున్న మా అమ్మాయికి మాత్రం తోచింది. "నానమ్మ పెరట్లో ఎక్కడో పోగొట్టుకుని ఉంటుంది. మెటల్ డిటెక్టర్ చేసి వెతుకుదాం అమ్మా" అంది. సినిమా హాలు గుమ్మంలో పోలీసులు పట్టుకునే ఆ కర్రా? మనమా? అని నవ్వాను. కోఠీ గుజరాతీ గల్లీలో ఉన్న వాళ్ల మేనమామ చేత విడిభాగాలు తెప్పించింది. అన్నీ కలిపి ఒక మామూలు చుడీదార్ ఖరీదు కాలేదు. రాగి తీగ మా ఊళ్లో మోటార్ల వైండింగ్ షాపులోనే దొరికింది. 25 గేజి తీగ 30 గ్రాములు చాలు.

ఇలాంటి పెట్టె మీ ఇంట్లో పిల్లలూ చేస్తామనవచ్చు. చేయనివ్వండి. కానీ చేసిన వెంటనే పనిచేస్తుందని మాత్రం ఆశ పెట్టుకోకండి. మాది నాలుగు రోజులు ఏడిపించింది. ఆ నాలుగు రోజుల్లో నేర్చుకున్నదే ఇది.

బావిలోకి కేక

దీన్ని పల్స్ ఇండక్షన్ పద్ధతి అంటారు. పేరు చూసి బెదరకండి. బావి గట్టు మీద నిలబడి "ఓ" అని ఒక్క కేక వేసి, చప్పున నోరు మూసుకుని చెవి పెడతాం చూడండి, ఇదీ అంతే. తీగ చుట్టలోకి సెకనులో లక్షో వంతులు కొన్నో, కొన్ని పదులో మాత్రమే ఉండేంత పొట్టి కరెంటు పంపి టక్కున ఆపేస్తుంది. ఆపిన క్షణంలో చుట్ట చుట్టూ ఉన్న అయస్కాంత క్షేత్రం కుప్పకూలుతుంది. దగ్గర్లో లోహం ఉంటే దాంట్లో చిన్న చిన్న కరెంటు సుడులు పుట్టి, మెల్లగా చల్లారతాయి. ఆ చల్లారే చప్పుడే ప్రతిధ్వని. ఇలా సెకనుకి వందసార్లో, అంతకంటే ఎక్కువసార్లో కేక వేయడం, వినడం.

కేక వేసిన గొంతు ఆగకుండా మోగుతూ ఉంటే ప్రతిధ్వని వినపడదు కదా? అందుకని చుట్టకు అడ్డంగా కొన్ని వందల ఓముల రెసిస్టర్ ఒకటి పెడతారు. కంచు పళ్లెం మీద గరిటె తగిలితే చేత్తో పట్టుకుని ఆపినట్టు, అది చుట్ట మోతను ఆపుతుంది. అది ఊడినా, విలువ తప్పినా పెట్టె లోహాన్ని వినలేదు.

మొదటిరోజు

ప్లాస్టిక్ బకెట్టు మూత చుట్టూ, దాదాపు 20 సెంటీమీటర్ల వెడల్పున, 25 చుట్లు చుట్టి టేపు బిగించాం. అన్నీ అతికి బ్యాటరీ కలిపితే ఉలుకూ పలుకూ లేదు. మా అమ్మాయి మొహం చిన్నబోయింది. ఇంట్లో మగవాళ్లు "మేం చెప్పలేదూ" అన్నట్టు పేపరు తిరగేశారు.

ఎక్కడ పోయిందో తెలియాలంటే ముందు పెట్టెను రెండు ముక్కలుగా విడదీసి ఆలోచించాలి. కేక వేసే సగం, వినే సగం. కేక పడుతోందా లేదా అన్నది తెలుసుకోవడానికి ఖరీదైన మిషన్లు అక్కర్లేదు. అటక మీది పాత ట్రాన్సిస్టర్ రేడియో దింపండి. మీడియం వేవ్‌లో ఏ స్టేషనూ లేని చోట ముల్లు నిలిపి, చుట్ట దగ్గరికి తీసుకెళ్లండి. "బర్ర్" మని గోల చేస్తే కేక పడుతున్నట్టే. మా రేడియో కిమ్మనలేదు. అంటే తప్పు మొదటి సగంలోనే ఉంది.

మల్టీమీటర్‌తో చుట్ట రెండు కొసలూ పట్టుకుంటే ఒకటిన్నర ఓము దగ్గర చూపించాలి. మాకు అసలు దారే లేనట్టు చూపించింది. కారణం వింటే నవ్వుతారు. వైండింగ్ తీగ మెరుస్తూ రాగిలాగే కనపడుతుంది గానీ, దాని మీద సన్నని వార్నిష్ పూత ఉంటుంది. కొసల్ని ఉప్పు కాగితంతో గీకకుండా అతికేశాం! సోల్డర్ పైపైన ముద్దలా కూర్చుంది, లోపల కలవలేదు. కొత్తగా చేసేవాళ్లు ఎక్కువగా పొరపడేది ఇక్కడే. అసలు రాగి రంగు బయటపడేదాకా గీకాలి.

బండి బల్బు కాపాడింది

రెండో రోజు కొసలు గీకి అతికాం. ఈసారి వైండింగ్ షాపు అబ్బాయి చెప్పిన చిట్కా పాటించాం. బ్యాటరీకీ పెట్టెకీ మధ్య మోటార్ సైకిలు ఇండికేటర్‌లోని 12 వోల్టుల బల్బు ఒకటి వరసలో కలపమన్నాడు. అన్నీ సరిగ్గా ఉంటే బల్బు వెలగదు, లేదా మిణుకుమంటుంది. భగ్గున వెలిగిందంటే లోపల ఎక్కడో అడ్డదారి ఉందని అర్థం. మాది భగ్గుమంది!

భూతద్దం పెట్టి చూస్తే, చుట్టకు కరెంటు తెరిచి మూసే మాస్‌ఫెట్ అనే భాగం రెండు కాళ్ల మధ్య సోల్డర్ చుక్క వంతెన కట్టేసింది. బల్బు లేకపోతే 12 వోల్టులూ నేరుగా ఒకటిన్నర ఓము మీద పడేవి. ఎనిమిది యాంపియర్లు! చుట్ట పొగలు కక్కేది. చుక్క గీకేసరికి బల్బు ఆరిపోయింది, రేడియో గోల పెట్టింది. మా అత్తయ్య కూడా చూడ్డానికి వచ్చారు. పరీక్ష అయ్యాక బల్బు తీసేయండి, మరచిపోవద్దు.

రేడియో అరుస్తున్నా స్పీకరు పలకకపోతే తప్పు వినే సగంలో ఉన్నట్టు. ఐసీ తలకిందులుగా గుచ్చారేమో దాని గాటు చూడండి. డయోడు గీతలు బొమ్మలో ఉన్న వైపే ఉన్నాయా చూడండి. మెరవకుండా బూడిదరంగులో ఉన్న అతుకులన్నీ డ్రై సోల్డర్ కావచ్చు, మళ్లీ వేడి చేయండి. ఒక జాగ్రత్త. కరెంటు ఆగిన క్షణంలో చుట్ట కొసల్లో వందల వోల్టులు లేస్తాయి. చాలా పొట్టిగానే అయినా చురుక్కుమంటుంది. పని చేస్తున్నప్పుడు వట్టి కొసలు ముట్టుకోనివ్వకండి. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లను దూరంగా కూర్చోబెట్టండి. సోల్డరింగ్ వంటగట్టు మీద వద్దు, దాంట్లో సీసం ఉంటుంది. చేతులు కడుక్కోకుండా పిల్లలు బిస్కెట్లు తినేస్తారు.

తగ్గని అరుపు

ఇంతకు ముందు మూగదని ఏడ్చాం. మూడో రోజు నోరు మూయదని ఏడ్చాం. హాల్లో నేల మీద ఎక్కడ పెట్టినా ఒకటే అరుపు. తిప్పే బుడిపెలు ఎంత తిప్పినా తగ్గదు. బంగారం కాదు, శ్లాబులో ఇనుప చువ్వలు! మా ఇల్లు మేడ మీద. పైగా తల మీద ఎల్‌ఈడీ బల్బు, పక్కన సెల్‌ఫోన్ చార్జరు. ఇలాంటివి చేసే గోల కూడా దీని చెవిన పడుతుంది. ఈ పెట్టెను ఇంట్లో పరీక్షించకూడదు. బ్యాటరీ మీదే నడపాలి, అడాప్టరు వద్దు. మొదట చిన్న 9 వోల్టుల బ్యాటరీ పెడితే రెండు నిమిషాలకే నీరసించింది. ఎనిమిది పెన్సిల్ సెల్సు వరసలో పెడితే కుదుటపడింది.

ఈ కష్టం మనకే కాదు. టెలిఫోన్ కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్‌కీ వచ్చింది. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్‌ను తుపాకీతో కాల్చారు. ఒంట్లో గుండు ఎక్కడుందో తెలియలేదు. వెతకడానికి బెల్ ఒక పరికరం చేసి పట్టుకెళ్లాడు. పద్ధతి వేరు గానీ ఆలోచన ఇదే. గుండు దొరకలేదు. మంచంలోని ఉక్కు స్ప్రింగులు పరికరాన్ని గందరగోళపెట్టాయి. పైగా డాక్టరు వెతకనిచ్చింది కుడివైపే. గుండు ఉన్నది ఎడమవైపు. ఆ సెప్టెంబరులో అధ్యక్షుడు పోయాడు.

సరే, పెట్టె పట్టుకుని పెరట్లోకి దిగాం. పీవీసీ గొట్టానికి చుట్ట బిగించాం. ఇనుప కర్రా వద్దు, ఇనుప మేకులూ వద్దు. బుడిపెను పూర్తి నిశ్శబ్దం దాకా తిప్పకూడదు. అలా తిప్పితే చిన్న వస్తువులు వినపడవు. "టిక్... టిక్..." అని సన్నగా, ఆగీ ఆగనట్టు ఉన్న చోట వదిలేయాలి.

మా అమ్మాయి ఊపుతుంటే బాగానే ఉంది. నేను పట్టుకుంటే మాత్రం ఎడమకు ఊపినా, కుడికి ఊపినా కొసకు రాగానే "కుయ్". నా చేతిలో ఏ దోషముందో అనుకున్నాను. ఐదు నిమిషాలు తవ్వించాను కూడా! తీరా చూస్తే నా మెట్టెలు. ప్రతి ఊపుకీ చుట్ట నా కాలివేళ్ల దగ్గరికి వస్తోంది, వెండిని పలకరిస్తోంది. గాజు గాజులతో ఇబ్బంది లేదు. మెట్టెలు, పట్టీలు, బంగారు గాజులు ఉంటే మాత్రం గొట్టం పొడుగ్గా పెట్టుకోండి, లేదా పెట్టె పిల్లలకివ్వండి.

పూలకుండీ పరీక్ష

వెతికే ముందు, పోయిన దానిలాంటిదే ఇంకొకటి పెట్టి చూడాలి. నా ఉంగరం పూలకుండీ మట్టిలో పెట్టి పైన చుట్ట ఆడించాం. మూడు నాలుగు అంగుళాల లోతు నుంచి స్పష్టంగా పలికింది. అదే సన్నని గొలుసు పెడితే దాదాపు మీద పెట్టినా సందేహంగానే మూలిగింది. గొలుసులో ఒక్కో రింగూ విడివిడి చిన్న లోహం. సుడులు తిరగడానికి జాగా ఉండదు. ముక్కుపుడక గురించి ఆశ వదులుకోండి. గుండ్రంగా మూసుకున్న ఉంగరమే దీనికి ఇష్టం. ఇంకో సంగతి, మామూలు పల్స్ ఇండక్షన్ పెట్టె ఇనుమనీ బంగారమనీ తేడా చెప్పదు. మేకుకీ, కూల్‌డ్రింకు మూతకీ అదే అరుపు. దాని బదులు ఉప్పునీటి ఇసుకకీ, భీమిలి తీరంలో కనిపించే నల్ల ఇసుకకీ అంతగా తికమకపడదు. సముద్రానికి వెళ్లినప్పుడు ఉంగరం జారితే ఇదే నయం.

దీంతో గుప్తనిధులు తవ్వుదామని ఎవరైనా మీ ఇంట్లో ఉత్సాహపడితే అక్కడే ఆపండి. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు చెప్పాల్సిందే.

నాలుగో రోజు పెరడంతా గళ్లుగళ్లుగా ముగ్గు గీసి ఒక్కో గడీ వెతికాం. పదిహేడు మేకులు, ఒక తాళంచెవి, మా వాడి చిన్నప్పటి బొమ్మ కారు చక్రం దొరికాయి. పొద్దు వాలుతుండగా కరివేపాకు చెట్టు పాదులో గట్టిగా పలికింది. వేలు పెడితే, తడిమట్టిలో, బియ్యపు నూకల కింద ఉంగరం!

మా అత్తయ్య రోజూ పొద్దున్నే బియ్యం కడిగిన నీళ్లు స్వయంగా తెచ్చి ఆ పాదులో పోస్తారు. ఆమధ్య జ్వరం వచ్చి చిక్కారు. వేలు సన్నబడింది. నీళ్లతో పాటు జారిపోయింది.

ఆవిడ ఉంగరం వేలికి పెట్టుకోలేదు. కొంగున ముడేసుకుని, చెప్పులేసుకుని, "నేనే వెళ్తాను" అని పనావిడ ఇంటికి బయల్దేరారు. నేను వెంట వెళ్లాను. ఆమె గుమ్మంలోనే నిలబడి అంతా విన్నది. "ఆ మిషనేదో ముందే చేయించాల్సింది కదమ్మా" అంది.

నాలుగు రోజుల తర్వాత పనిలోకి వచ్చింది. రాని రోజుల జీతం కొయ్యకూడదని షరతు పెట్టింది. కొయ్యలేదు. ఇప్పుడు గిన్నెలు తోమేటప్పుడు ఎవరూ వెనక నిలబడరు. ఆమె మాత్రం వెళ్లేటప్పుడు చేతిసంచీ గుమ్మంలో దులిపి చూపించి మరీ వెళుతోంది. వద్దని ఎన్నిసార్లు చెప్పినా మానలేదు.