పెరడు చిన్నదైతేనేం?

అన్నదమ్ముల పంపకాల్లో బరంపురం ఇంట్లో నా వంతుకు వచ్చిన పెరడు 24 అడుగుల పొడవు, 16 అడుగుల వెడల్పు. "సిమెంటు చేయించి ఓ గది వేసెయ్, అద్దె వస్తుంది" అన్నారు పెద్దలు. బ్యాంకు ఉద్యోగిని కదా, నేనూ లెక్క వేశాను.

పాత పద్ధతిలో మామిడికి 10 మీటర్ల ఎడం వదలాలి. అంటే హెక్టారుకు 100 చెట్లు. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థ దశేరి, నీలం రకాలను సంకరపరచి విడుదల చేసిన ఆమ్రపాలి పొట్టి రకం. దానికి రెండున్నర మీటర్లు చాలు, హెక్టారుకు 1600. ఆ లెక్కన ఎనిమిదేసి అడుగుల దూరంలో నా పెరట్లో ఆరు అంటుమొక్కలు పట్టాయి: నాలుగు ఆమ్రపాలి, రెండు జామ.

దగ్గరగా నాటడం సులువే; మనసు గట్టి చేసుకుని కత్తెర పట్టడమే కష్టం. నాటేటప్పుడు అంటు కట్టిన చోటు మట్టిలో పూడకూడదు. మొక్క నడుమెత్తుకు రాగానే తల తుంచి, మూడు నాలుగు పక్క కొమ్మలు ఉంచాలి. మామిడిని కాయ కోయగానే కత్తిరించాలి. ఆలస్యమైతే కొత్త రెమ్మ ముదరక మరుసటి ఏడు పూత తగ్గుతుంది. జామ కొత్త చిగురు మీదే కాస్తుంది. మే నెలలో కత్తిరిస్తే చలికాలం కాపు బాగుంటుంది. ఏ చెట్టూ చేతికందే ఎత్తు దాటకూడదు.

అద్దె ఖాతాలో నాకు నష్టమే. కానీ బడిలో ‘పిజుళి’ అని నేర్చుకున్న మా మనవరాలు, నిచ్చెన లేకుండా కోసుకుని, "తాతా, జామకాయ!" అంటోంది. ఆ మాట కోసమైనా మీ పెరట్లో రెండు మొక్కలకు చోటు చూడండి.